డయాలసిస్ రోగికి జింక్, సెలీనియం, అల్యూమినియం పరీక్షలు చేయించే పద్ధతి

నాలుగు గంటల డయాలసిస్‌లో, నిమిషానికి 500 మిల్లీలీటర్ల లెక్కన, దాదాపు 120 లీటర్ల ద్రవం పల్చని పొరకు అవతలి వైపున రక్తాన్ని ఆనుకొని పారుతుంది. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి అది 360 లీటర్లవుతుంది. ఆ నీటిలో లేశమాత్రంగా ఉన్న లోహం కూడా రక్తంలోకి చేరి, బయటికి పోయే దారి లేక పేరుకుంటుంది. ఒంట్లో ఉండవలసిన జింక్, సెలీనియం మాత్రం ఆకలి మందగించి, పథ్యం పెరిగి తరిగిపోతాయి. కనుక పరీక్ష రాయించుకునేటప్పుడు తగ్గేవాటి గురించీ, పేరుకునేవాటి గురించీ డాక్టరుగారిని విడివిడిగా అడగాలి.

రక్తం ఎప్పుడు, ఎందులో తీశారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. మా నాన్నగారికి మొదటిసారి డయాలసిస్ ముగిశాక, మామూలు ట్యూబులో తీశారు. ఆ అంకెను నమ్మి రెండు నెలలు పొరబడ్డాము. డయాలసిస్ మొదలు కాకముందే, వీలైతే ఉదయం పరగడుపున, లోహాల పరీక్షకు ప్రత్యేకించిన ముదురు నీలం మూత ట్యూబులో తీయించాలి. మామూలు ట్యూబుల రబ్బరు మూతల నుంచే జింక్ కలిసే అవకాశముంది. ఎర్రకణాలు పగిలినా అంకె పెరుగుతుంది.

ఫలితాన్ని ఒంటరిగా చదవకూడదు. జింక్ ఎక్కువగా రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను అంటిపెట్టుకొని తిరుగుతుంది కాబట్టి ఆల్బుమిన్ తగ్గితే అదీ తగ్గినట్లు కనిపిస్తుంది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (నీరు పట్టిన వాపు కాదు), ఇన్ఫెక్షన్ ఉంటే జింక్, సెలీనియం పడిపోయి, రాగి పెరుగుతుంది. అందువల్ల అదే రోజున ఆల్బుమిన్‌తో పాటు, ఇన్‌ఫ్లమేషన్‌ను తెలిపే సీఆర్‌పీ రక్తపరీక్ష కూడా చేయించాలి. రుచి తెలియకపోవడం, పుండు మానకపోవడం వంటి లక్షణాలుంటే తప్పక చెప్పాలి. మందుల షాపులో అడిగి జింక్ బిళ్లలు వేసుకోవడాన్ని నేను గట్టిగా వద్దంటాను: నెలల తరబడి ఎక్కువ మోతాదులో వాడితే రాగి లోపించి, రక్తహీనత ముదురుతుంది. అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2020 పోషకాహార మార్గదర్శకాలు సైతం జింక్, సెలీనియం అందరికీ అలవాటుగా ఇవ్వవద్దనే సూచించాయి.

ఇక మన డెల్టాలో నీటి సంగతి. ధవళేశ్వరం నుంచి కాలువల్లోకి ఎర్రనీరు దిగే రోజుల్లో బిందెలో పటిక తిప్పితే, కాసేపటికి బురద అడుగున పేరుకొని పైన తేటనీరు నిలుస్తుంది. ఆ పటిక అల్యూమినియం లవణమే. తాగే నీటిలోని అల్యూమినియాన్ని పేగు చాలావరకు లోనికి రానివ్వదు గాని, డయాలసిస్ నీటికి అలాంటి కాపలా లేదు. అందుకే ఆ నీటిలో అది లీటరుకు 0.01 మిల్లీగ్రాములు మించరాదు. వరద కాలంలోనూ, వేసవిలో కాలువలు కట్టేసి బోరునీటికి మారినప్పుడూ ఆర్వో నీటిని లోహాలకు పరీక్షించారా, చివరి రిపోర్టు ఏ తేదీదని సెంటరువారిని మర్యాదగా అడగాలి. అది రోగి హక్కు.

ఇంట్లో చూడవలసింది గ్యాస్‌కు తాగే తెల్లని మందు. దాని సీసాపై అల్యూమినియం హైడ్రాక్సైడ్ అని ఉంటే డాక్టరుగారికి చూపించేదాకా ఆపాలి. సిట్రేట్ సిరప్‌తో కలిస్తే ఆ లోహం మరింతగా ఒంటికి పడుతుంది. ఎముకల నొప్పి, మాట తడబడటం, ఇంజెక్షన్లు వేసినా హిమోగ్లోబిన్ పెరగకపోవడం కనిపిస్తే, తర్వాతి డయాలసిస్‌కు సూది గుచ్చేముందే అల్యూమినియం పరీక్షకు రక్తం తీయమని అడగండి.