ఫోన్‌లో క్రికెట్ స్కోరు ఎలా రాయాలి?

ఆదివారం అనంతపురంలో ఏ గ్రౌండుకు వెళ్లినా ఎవరో ఒకరు ఫోన్‌లో స్కోరు కొడుతుంటారు. ఆట అయ్యాక చూస్తే టోటల్ బాగానే ఉంటుంది, బౌలర్ల లెక్కే తప్పు. కీపర్ వదిలేసిన బైలు (బంతి బ్యాట్‌కూ ఒంటికీ తగలకుండా పోతే ఉరికి తీసే పరుగులు) కూడా పాపం బౌలర్ నెత్తిన పడి ఉంటాయి.

ఫుల్ ఛార్జింగ్, పవర్ బ్యాంక్, నీడ ఉంటే చాలు. ఏప్రిల్ ఎండకు ఫోన్ వేడెక్కి స్క్రీన్ డిమ్ అయిపోతుంది, కాబట్టి వేపచెట్టు కిందే కూర్చోవాలి. ఉగ్గాని బజ్జి తినే పని ముందే ముగించండి. నూనె వేలితో నాలుగు నొక్కితే ఆరు పడుతుంది. తర్వాత బ్యాటింగ్‌కు దిగేవాడికి మాత్రం ఫోన్ ఇవ్వకూడదు. ప్యాడ్లు కట్టుకుంటూ ఓవర్‌కు ఓవరే మింగేసినవాళ్లను చూశాను.

జట్లు, ఓవర్లు, టాస్, ఓపెనర్లు, బౌలర్: యాప్ అడిగిన వరుసలో ఇచ్చేయండి. మామూలు బంతికి పరుగులు నొక్కడమే.

అసలు తలనొప్పి ఎక్స్‌ట్రాలతోనే, అంటే బ్యాటర్ ఖాతాలో పడని పరుగులతో. బంతి డెడ్ అయి (అంటే ఆ బంతికి ఆట ఆగి), అంపైర్ సిగ్నల్ ఇచ్చేదాకా వేలు స్క్రీన్ మీద పెట్టొద్దు. సిగ్నల్ అందిందని మీరు చెయ్యెత్తి చూపాలి. 2024 సెప్టెంబరులో మా ఊరి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో ఆడిన దేశవాళీ టోర్నీ దులీప్ ట్రోఫీకైనా, కాలేజీ గ్రౌండులో మన ఆటకైనా పద్ధతి ఇదే.

వైడ్‌కు ఉరికి తీసిన పరుగులన్నీ వైడ్లే, బైలు కావు. బౌండరీకి పోతే ఐదు వైడ్లు, మొత్తం బౌలర్ ఖాతాకే. నోబాల్ అలా కాదు. ఒక్క పరుగు నోబాల్‌ది. బ్యాట్‌కు తగిలి వచ్చినవి బ్యాటర్‌వి, బౌలర్ లెక్కలోకీ వస్తాయి. బ్యాట్‌కు తగలకుండా ఉరికితే బైలో, ఒంటికి తగిలి ఉంటే లెగ్‌బైలో అవుతాయి, అవి బౌలర్‌కు పడవు. 2017కు ముందు వీటినీ నోబాళ్ల కిందే రాసేవారు, పాతకాపులు ఇప్పటికీ దాని మీదే కొట్లాడతారు. ఇంకో సంగతి, బ్యాటర్ ఆడిన బంతుల్లో వైడ్ ఉండదు, నోబాల్ ఉంటుంది.

ఇప్పుడు వైడ్ పడింది, కీపర్ వదిలేశాడు, ఒక పరుగు పూర్తయింది, రెండోదానికి ఉరుకుతూ కీపర్ వైపు రనౌట్. చాలామంది ముందు ‘వికెట్’ నొక్కేస్తారు, వైడ్ గాలికి పోతుంది. ముందు వైడ్, అదనంగా ఒక పరుగు, ఆ తర్వాత రనౌట్. మొత్తం రెండు వైడ్లు. వికెట్ బౌలర్‌కు రాదు, ఓవర్‌లో బంతి లెక్కకు రాదు. ఎవరు అవుటయ్యారో తెలియాలంటే ఇద్దరూ క్రాస్ అయ్యారా లేదా చూసి ఉండాలి, అందుకే కళ్లు ఫోన్‌లో కాదు, పిచ్ మీద ఉండాలనేది.

క్యాచ్‌కు మాత్రం ‘క్రాస్ అయినాం కదప్పా!’ అని ఎంత అరిచినా వినొద్దు. 2022 అక్టోబరు నుంచి, ఓవర్ అయిపోతే తప్ప, కొత్తగా వచ్చినవాడే స్ట్రైక్ తీసుకోవాలి.

తప్పు పడితే ఆ బంతికే అన్‌డూ చేయండి. మూడు బంతుల తర్వాత సర్దుదాంలే అనుకుంటే స్ట్రైక్ మొత్తం తారుమారవుతుంది. నేనైతే పక్కన నోట్‌బుక్‌లో ఓవర్ ఓవర్‌కూ టోటల్ రాసుకుంటాను. నోట్‌బుక్ లేని స్కోరర్‌ను నమ్మను.

ఇన్నింగ్స్ ముగించే బటన్ నొక్కే ముందు రెండు కూడికలు వేయండి. బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలన్నీ కలపండి. బౌలర్లు ఇచ్చినవాటికి బైలు, లెగ్‌బైలు, అంపైర్ ఇచ్చిన పెనాల్టీ పరుగులేవైనా ఉంటే అవీ కలపండి. రెండూ టోటల్‌తో సరిపోతేనే బటన్ నొక్కండి.