వంశధార లోయలో సైకిలుకు కాలువ గట్టు

శ్రీకాకుళం జిల్లాలో వాహనాల రొద లేకుండా సైకిలు తొక్కాలనుకునేవారు జాతీయ రహదారిని వదిలి, హిరమండలం వద్ద గొట్టా బ్యారేజీ నుంచి బయలుదేరే వంశధార ఎడమ కాలువ గట్టును ఎంచుకోవడం మేలు. నీరు తనంతట తాను పారేందుకు కాలువను నేల ఎత్తును అనుసరించి, అతి స్వల్పమైన వాలుతో తవ్వుతారు కనుక, దాని పక్కన సాగే గట్టు మీద కూడా ఎత్తుపల్లాలు పెద్దగా ఉండవు. లారీలకు బదులు ఇక్కడ గేదెల మందలు ఎదురవుతాయి. వాటికి గంట కొట్టి ప్రయోజనం లేదు, దిగి నడవడమే మర్యాద.

అసలు బెడద తుమ్మ ముళ్లు. వెడల్పాటి టైర్లు వేయించుకోవడంతో పాటు పంపు, పంక్చరు అతుకులు, జిగురు వెంట ఉంచుకోవాలి. ట్యూబుకు అతుకు వేశాక టైరు లోపలి వైపు వేళ్లతో నెమ్మదిగా తడిమి చూడాలి. విరిగిన ముల్లు మొన అక్కడే మిగిలిపోతే పది నిమిషాలకే మళ్లీ గాలి పోతుంది.

వేసవి మధ్యాహ్నాల్లో సముద్రపు గాలి లోతట్టుకు వీస్తుంది కాబట్టి, తీరం వైపు ప్రయాణాన్ని ఉదయమే ముగించి, తిరుగు ప్రయాణాన్ని సాయంత్రానికి ఉంచుకుంటే శ్రమ తగ్గుతుంది. దారిలో శ్రీముఖలింగం ఆలయాన్ని కూడా చూడవచ్చు. వర్షాకాలంలో మాత్రం, ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువన ఒడిశాలో కురిసిన వానకు నది పొంగవచ్చు కనుక, ఏటి ఇసుకలోకి సైకిలు దింపకూడదు.