ఓటు హక్కు ఒకేసారి కాదు, మెట్టు మెట్టుగా

అధికారం చేతులు మారబోయే ప్రాంతంలో ఎన్నికలు ఎలా మొదలుపెట్టాలని మా కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర టీ అంగట్లో అడిగితే, "అందరికీ ఓటిచ్చేస్తే సరిపాయె" అంటారు. అంత ఈజీ కాదన్నా.

కింది నుంచి మొదలుపెట్టాలి. 1997లో చైనాకు అప్పగించాల్సిన హాంకాంగ్‌లో బ్రిటిష్ వాళ్లు 1982లో జిల్లా బోర్డులకు ఎన్నికలు పెట్టారు, 1985లో శాసన మండలిలో 24 సీట్లను వృత్తి వర్గాలతో, స్థానిక బోర్డుల సభ్యులతో పరోక్షంగా నింపారు, 1991లో గానీ 18 సీట్లకు జనం నేరుగా ఓటేయలేదు (నూరేళ్లకు పైగా పాలించి చివర్లో గుర్తొచ్చింది, అది వేరే సంగతి).

నామినేటెడ్ సీట్లు తగ్గించుకుంటూ పోండి. 1995కి అక్కడ ఒక్కటీ మిగల్లేదు.

అసలు టెన్షన్ ఇక్కడే: కొత్తగా వచ్చేవాళ్లను ముందే ఒప్పించుకోండి, లేదంటే 1997లో చైనా ఆ మండలిని పక్కనపెట్టి తాత్కాలిక మండలిని కూర్చోబెట్టినట్టే అవుతుంది.