పిల్లలకు గణిత పదాలు నేర్పే పద్ధతి

‘9, 4ల భేదం ఎంత?’ అని అడిగితే బిక్కమొహం వేసే పిల్ల, ‘తొమ్మిదిలోంచి నాలుగు తీసేస్తే ఎన్ని మిగులుతాయి?’ అనగానే ఐదని చెబుతుంది. ఆమెకు లెక్క వచ్చు, మాటే రాలేదు. అందువల్ల ప్రాథమిక తరగతుల్లో గణిత పదాలను కూడా లెక్కలంత శ్రద్ధగా నేర్పాలి.

ముందు వస్తువులతో పని చేయించి, ఆ పనికి ఇంట్లో వాడే మాట చెప్పించి, ఆ తరువాతే పుస్తకంలోని పదం ఇవ్వాలి. గింజలు కలిపిన పిల్లవాడికి ‘కూడిక’ తేలికగా అందుతుంది, ‘సంకలనం’ కొన్నాళ్ళు ఆగవచ్చు. కూడగా వచ్చేది మొత్తం, తీసివేయగా వచ్చేది భేదం, గుణించగా వచ్చేది లబ్ధం అన్న మూడింటినీ మాత్రం మొదటి నుంచీ వాడుకలో ఉంచాలి.

భాగహారం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ నాలుగు పదాలు ఒకేసారి వచ్చి పడతాయి. 17 గింజలను ఐదేసి చొప్పున కుప్పలు పెట్టించండి. మూడు కుప్పలు అయ్యాక రెండు గింజలు మిగులుతాయి. ఇక్కడ 17 విభాజ్యం, 5 విభాజకం, 3 భాగఫలం, 2 శేషం. మొదటి రెండింటినీ పిల్లలు తారుమారు చేస్తారు. పాఠకుడు చదివేవాడు, పూజ్యుడు పూజలందుకునేవాడు అయినట్టే, విభాజకం భాగించేది, విభాజ్యం భాగింపబడేది అని చెబితే ఆ తికమక తీరుతుంది. గుణకం, గుణ్యం అన్న జంటకూ ఇదే కీలకం పనికివస్తుంది.

మరికొన్ని పదాలకు పిల్లలకు ముందే తెలిసిన వేరే అర్థం ఉంటుంది. భుజం అంటే చెయ్యి మొదలు, హారం అంటే మెడలో వేసుకునేది, వ్యాసం అంటే తెలుగు పరీక్షలో రాసేది, సరి అంటే ఒప్పుకోవడం. త్రిభుజానికి మూడు భుజాలు అనగానే తన భుజాన్ని తడుముకునే పిల్లవాణ్ణి వారించకుండా, ఆ అర్థాన్ని ఒప్పుకొని, గణితంలో ఈ మాటకు ఇంకో పని ఉందని బొమ్మ గీసి చూపించాలి.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన మాట ‘ఎక్కువ’. ‘ఎక్కువ అంటే కూడిక’ అని సూత్రంలా నేర్పితే, ‘అక్క దగ్గర 8 పెన్సిళ్ళు, తమ్ముడి దగ్గర 5 ఉన్నాయి, అక్క దగ్గర ఎన్ని ఎక్కువ?’ అన్న ప్రశ్నకు 13 అని రాస్తారు. రెండు వరుసల్లో పెన్సిళ్ళు పేర్చి, జత దొరకనివి ఎన్నో లెక్కించమంటే, అది తీసివేత అని వాళ్ళకే తెలుస్తుంది. ‘సమానం’ అన్న గుర్తును ‘జవాబు వస్తుంది’ అని చదవడమూ ఇలాంటి పొరపాటే. అలా చదివిన పిల్లలు 8 + 4 = □ + 5 అన్నచోట గడిలో 12 వేస్తారు. రెండు వైపులా ఒకే విలువ ఉండాలని తెలిసినవాళ్ళు 7 వేస్తారు.

పదం పట్టుబడిందో లేదో చూడాలంటే నిర్వచనం అప్పజెప్పించవద్దు, ఆ పదంతో లెక్క తయారు చేయమనండి. ‘శేషం 3 వచ్చే భాగహారం ఒకటి చెప్పు’ అన్నప్పుడు రెండుతోనూ మూడుతోనూ భాగించి చూసి, కుదరక, చివరికి నాలుగుతో 11ను భాగించి చూపిన పిల్లవాడికి, శేషం ఎప్పుడూ విభాజకం కంటే చిన్నదేనన్న సంగతి కూడా అదే పనిలో తెలిసిపోతుంది.