అధ్యక్షుడి విమానం ఎక్కేముందు: మాటకు, ప్రయాణానికి కొన్ని జాగ్రత్తలు

సెప్టెంబర్ వచ్చిందంటే వైట్‌హౌస్‌కు పర్యటనల కాలం. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంతో మొదలవుతుంది. ఆ వెనకే ఆగ్నేయాసియా దేశాల ఆసియాన్, పసిఫిక్ తీర దేశాల అపెక్, జీ20 శిఖరాగ్రాలు వరుసకడతాయి. అధ్యక్షుడు ఒక ఖండంలో, విదేశాంగ మంత్రి ఇంకో ఖండంలో, ఉపాధ్యక్షుడు మరెక్కడో ఉంటారు. ముగ్గురి ముందూ మైకులుంటాయి. ప్రభుత్వం నోరు జారడానికి ఇంతకంటే అనువైన కాలం ఉండదు.

వాషింగ్టన్ ఆఫీసుల్లో ఇప్పుడు మనవాళ్లు తక్కువేమీ లేరు. బైడెన్ ప్రసంగాల విభాగానికి డైరెక్టర్‌గా చేసిన వినయ్ రెడ్డి కుటుంబానిది కరీంనగర్ ప్రాంతంలోని పోతిరెడ్డిపేట. అలాంటి కొలువుల్లో చేరబోయే కుర్రవాళ్లకూ, ఇక్కడ కూర్చుని ఆ వార్తలు చదివేవాళ్లకూ పనికొస్తాయని ఇవి రాస్తున్నాను. పెద్ద ప్రసంగాల గురించి ఇందులో ఎక్కువ ఉండదు. వాటిని ఎలాగూ నలుగురైదుగురు చదివి, పదిసార్లు దిద్దుతారు. పర్యటనలు చెడేది ప్రసంగానికి ముందో, వెనకో, పక్కగదిలోనో.

బయల్దేరేముందు ఒక్క వాక్యం

"ఈ పర్యటన ఎందుకు?" అని అడిగితే చెప్పాల్సిన జవాబు ఒకే వాక్యంలో ఉండాలి. రీగన్ కాలంలో దీన్నొక పద్ధతిగా పాటించారు. పొద్దున్నే కూర్చుని ఈ రోజు వార్త ఏది కావాలో తేల్చుకోవడం, ఆ రోజంతా అందరూ ఆ మాటే మాట్లాడడం. ఆ వాక్యం ప్రెస్ సెక్రటరీ దగ్గర ఉంటే చాలదు. అక్కడి రాయబారికి, ఆర్థికశాఖకు, పెంటగాన్‌కు, విమానంలో వెనక సీట్లలో కూర్చునే చిన్న ఉద్యోగికి కూడా అందాలి. మూడు వాక్యాలు రాసిచ్చారా, విలేకరి తనకు కావలసింది ఏరుకుంటాడు. అది మీకు కావలసింది కాదు.

దాంతోపాటు ఇంకో కాగితం ఉండాలి. కచ్చితంగా అడగబోయే ఇబ్బందికర ప్రశ్నలు, వాటికి జవాబులు, ఎవరు జవాబివ్వకూడదో వాళ్ల పేర్లు. ఈ మూడోదాన్ని రాయడానికి అందరికీ మొహమాటమే. కానీ రాయాల్సింది ముందు అదే.

ముందుగా వెళ్లి చూసివచ్చేవాళ్లకు

అధ్యక్షుడు అడుగుపెట్టబోయే ప్రతి చోటికీ అడ్వాన్స్ టీం ముందే వెళ్తుంది. సీక్రెట్ సర్వీస్ భద్రత చూస్తుంది. వైట్‌హౌస్ మిలిటరీ ఆఫీసు విమానాలు, వాహనాలు, కమ్యూనికేషన్లు చూస్తుంది. రాజకీయ ఉద్యోగులు కెమెరా ఎక్కడ పెట్టాలో చూస్తారు. ఆ స్థలం చరిత్ర చూడటం మాత్రం చాలాసార్లు ఎవరి పనీ కాకుండా పోతుంది.

దీనికి బిట్‌బర్గ్‌ను మించిన పాఠం లేదు. 1985 ఫిబ్రవరిలో రీగన్ సన్నిహితుడు మైకేల్ డీవర్ పశ్చిమ జర్మనీ వెళ్లి బిట్‌బర్గ్ ఊళ్లోని సైనిక శ్మశానాన్ని చూశాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి 40 ఏళ్లయిన సందర్భంగా రీగన్, ఛాన్సలర్ కోల్ కలిసి అక్కడ పూలమాల వేయాలన్నది ఆలోచన. సమాధుల మీద మంచు కప్పి ఉంది. ఇబ్బందిపెట్టేదేమైనా ఉందా అని ఆతిథ్య దేశం వాళ్లను అడిగితే లేదన్నారు. ఏప్రిల్‌లో పర్యటన ప్రకటించాక తెలిసింది, ఆ సమాధుల్లో హిట్లర్ నాజీ పార్టీ సాయుధ దళమైన వాఫెన్ ఎస్సెస్ సైనికులవి 49 ఉన్నాయని. నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ రచయిత ఎలీ వీజెల్ వైట్‌హౌస్‌లోనే, కెమెరాల ముందే, అక్కడికి వెళ్లవద్దని రీగన్‌ను వేడుకున్నాడు. కోల్‌కు ఇచ్చిన మాట తప్పలేక రీగన్ మే 5న వెళ్లాడు. కార్యక్రమంలో బెర్గెన్ బెల్సన్ శిబిరాన్ని కలిపారు. శ్మశానంలో గడిపింది పది నిమిషాలలోపే. అయినా ఆ పర్యటన పేరు చెబితే ఇవాళ్టికీ గుర్తొచ్చేది ఆ పది నిమిషాలే.

కాబట్టి చూడటానికి వెళ్లినప్పుడు ఆతిథ్య దేశం అధికారి మాటతో ఆగకండి. ఆ ఊళ్లో ఒక చరిత్రకారుడిని, ఒక పాత విలేకరిని విడిగా అడగండి. అధికారి అబద్ధం చెబుతాడని కాదు. తన దేశం ఏ విషయంలో సర్దుకుపోయిందో అతనికి కంటికే ఆనదు.

విలేకరుల లెక్క కూడా ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. 2010 నవంబర్ 8న ఢిల్లీలో, మన నిజాం కట్టించుకున్న హైదరాబాద్ హౌస్‌లోనే, ఒబామా, మన్మోహన్ సింగ్ సమావేశం దగ్గర గొడవ జరిగింది. అమెరికా వైపు నుంచి ఎనిమిది మంది విలేకరులను పంపుతామని ఒప్పందం. తలుపు దగ్గర భారత అధికారులు ఐదుగురే అన్నారు. ప్రెస్ సెక్రటరీ రాబర్ట్ గిబ్స్ మూసుకుంటున్న తలుపుకు కాలు అడ్డంపెట్టి, మిగతావాళ్లను రానివ్వకపోతే అధ్యక్షుడిని బయటికి తీసుకెళ్లిపోతానన్నాడు. ఎనిమిది మందీ లోపలికి వెళ్లారు. విలేకరులకు గిబ్స్ హీరో అయ్యాడు, నిజమే. కానీ ఆ రోజు వార్తల్లో భేటీ పక్కన బూటు కూడా చేరింది.

మైకు ఆగిందని ఎవరు చెప్పారు?

మైకు విషయంలో నమ్మాల్సిన సూత్రం ఒక్కటే: ఎదురుగా కనిపిస్తే పనిచేస్తున్నట్టే. పెదవి దాటితే పృథివి దాటుతుందని మనవాళ్లు మైకులు లేని రోజుల్లోనే అన్నారు.

1978 జనవరిలో కార్టర్ ఢిల్లీ వచ్చారు. అణు తనిఖీల విషయంలో మొరార్జీ దేశాయ్ మెత్తబడలేదు. తిరిగి వెళ్లాక ఆయనకు ఇంకో ఉత్తరం రాయాలి, చల్లగా, మొహం మీద కొట్టినట్టు ఉండాలి అని కార్టర్ పక్కనున్న విదేశాంగ మంత్రి సైరస్ వాన్స్‌తో గుసగుసగా అన్నారు. మైకు పట్టేసింది. స్నేహాన్ని చాటడానికి వచ్చిన పర్యటనలో పతాకశీర్షిక ఆ గుసగుసకు దక్కింది. 1984 ఆగస్టు 11న రీగన్ వారపు రేడియో ప్రసంగానికి మైకు సరిచూస్తూ, రష్యాను చట్టవిరుద్ధంగా ప్రకటించే చట్టంమీద సంతకం చేశాను, ఐదు నిమిషాల్లో బాంబులు వేస్తున్నామని జోకేశారు. అది ప్రసారం కాలేదు గానీ బయటికి పొక్కింది. మాస్కో నవ్వలేదు. 2012 మార్చి 26న సియోల్‌లో ఒబామా రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్ వైపు వంగి, ఎన్నికలయ్యాక తనకు ఇంకొంచెం వెసులుబాటు ఉంటుందన్నారు. ఆ మాట వ్లాదిమిర్‌కు, అంటే పుతిన్‌కు, చేరవేస్తానని మెద్వెదేవ్ అన్నాడు. ఆ ఏడాదంతా ప్రత్యర్థులకు అదే ఆయుధమైంది.

మూడు చోట్లా కేకలు లేవు, కోపం లేదు. పక్కమనిషితో చనువుగా అన్న మాటలే. ప్రమాదమంతా ఆ చనువులోనే ఉంది. అందుకే కూర్చునే ముందు ఒకరు, లేచే ముందు ఒకరు మైకు స్థితిని గట్టిగా ప్రకటించేలా చూడాలి. ఆ పని చిన్న ఉద్యోగికి అప్పజెప్పి, "సార్, మైకు ఆన్‌లో ఉంది" అని అధ్యక్షుడిని మధ్యలో ఆపే అధికారం కూడా ఇవ్వాలి. అధికారం ఇవ్వకుండా పని మాత్రం ఇస్తే ఆ కుర్రాడు నోరు మెదపడు.

ఇక కాగితంలో లేనిది చివర్లో చేర్చడం. 2022 మార్చి 26న వార్సాలో బైడెన్ ఉక్రెయిన్ మీద చేసిన ప్రసంగం శ్రద్ధగా రాసింది. చివర ఆయన సొంతంగా తొమ్మిది ఇంగ్లీషు మాటలు కలిపారు. దేవుడి మీద ఆన, ఈ మనిషి, అంటే పుతిన్, అధికారంలో ఉండటానికి వీల్లేదని. కాసేపటికే వైట్‌హౌస్ సర్దుబాటు ప్రకటన ఇచ్చింది. మర్నాడు జెరూసలెంలో విదేశాంగ మంత్రి బ్లింకెన్ కూడా, మాస్కోలో ప్రభుత్వాన్ని మార్చడం మా విధానం కాదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను. అధ్యక్షుడి నోటికి తాళం వేయగలమని నమ్మే ఉద్యోగి ఆ ఉద్యోగానికి పనికిరాడు. మీ చేతిలో ఉన్నది ఆ తర్వాతి అరగంట. సర్దుబాటు ప్రకటన ఎవరు రాస్తారు, ఎవరు ఆమోదిస్తారు, ఏ దేశాలకు ముందుగా ఫోన్ వెళ్తుంది, ఇవి విమానం ఎక్కేముందే తేలి ఉండాలి. అది కూడా అధ్యక్షుడు నిజంగా అనాలనుకున్నదాన్ని "ఆయన ఉద్దేశం అది కాదు" అని కొట్టిపారేయకుండా రాయాలి. మర్నాడు ఆయనే మళ్లీ అంటే మీ ప్రకటనకు విలువుండదు.

ప్రతి జారుడూ నష్టమే చేయదు. 2013 సెప్టెంబర్ 9న లండన్‌లో విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ, సిరియా రసాయన ఆయుధాలన్నీ వారంలో అప్పగిస్తే దాడి తప్పుతుంది గానీ అది జరిగేది కాదని యథాలాపంగా అన్నాడు. అది వాదన కోసం అన్న మాటేనని ఆయన శాఖే చెప్పింది. రష్యా మంత్రి లవ్రోవ్ మాత్రం గంటల్లోనే దాన్ని పట్టుకున్నాడు. అదే నెల 14న జెనీవాలో ఒప్పందమే కుదిరింది. ఇలాంటి అదృష్టం మీద మాత్రం ప్రణాళిక వేసుకోవద్దు.

ఇంటిపట్టున ఉన్నవాళ్లు

పర్యటనలో ఉన్నవాళ్లను అందరూ కనిపెట్టుకుని ఉంటారు. వాషింగ్టన్‌లో ఉండిపోయినవాళ్లే అసలు చిక్కు. 2017 జూన్ 9న విదేశాంగ మంత్రి టిల్లర్సన్ ఖతార్ మీద దిగ్బంధం సడలించమని పొరుగు దేశాలను కోరాడు. అదే మధ్యాహ్నం వైట్‌హౌస్ రోజ్ గార్డెన్‌లో ట్రంప్, ఖతార్ ఉగ్రవాదానికి భారీగా డబ్బిచ్చిన దేశమని అన్నాడు. సెప్టెంబర్ 30న టిల్లర్సన్ బీజింగ్‌లో ఉత్తర కొరియాతో తమకు మాటల దారులున్నాయన్నాడు. మర్నాడే అతను సమయం వృథా చేసుకుంటున్నాడని ట్రంప్ ట్వీట్ చేశాడు. ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెమంటే ఎదుటి దేశం ఎవరితో మాట్లాడాలి? ఆ తర్వాత ఏ రాజధానిలో దిగినా ఆ మంత్రిని వినేవాళ్లు, ఇతని మాట నిలుస్తుందా అని లెక్కవేసుకుంటూ వినాల్సిందే. మంత్రి విమానంలో ఉన్నంతసేపూ అతని అంశం మీద వైట్‌హౌస్ నుంచి వెళ్లే ప్రతి మాటా ముందు అతనికి చేరాలి. ఆపలేకపోయినా కనీసం తెలియాలి.

అధ్యక్షుడికి ఏమైనా అయితే పగ్గాలు ఎవరి తర్వాత ఎవరికన్నది కూడా కంఠతా వచ్చి ఉండాలి. 1981 మార్చి 30న రీగన్ మీద కాల్పులు జరిగినప్పుడు ఉపాధ్యక్షుడు బుష్ టెక్సస్ నుంచి విమానంలో తిరిగొస్తున్నాడు. విదేశాంగ మంత్రి హేగ్ ప్రెస్ గదిలోకి దూసుకెళ్లి, ప్రస్తుతానికి వైట్‌హౌస్‌లో పగ్గాలు నా చేతిలోనే ఉన్నాయన్నాడు. వరుసలో అతనికంటే ముందు ప్రతినిధుల సభ స్పీకర్, సెనేట్ తాత్కాలిక (ప్రొటెం) అధ్యక్షుడు కూడా ఉన్నారు. భయం తగ్గించడానికి అన్న మాట భయం పెంచింది.

ఫోన్లు

సొంత ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లాలి. హోటల్ గదిలో రహస్యం మాట్లాడకూడదు. 2011 మార్చిలో లిబియా మీద దాడుల వేళ ఒబామా రియోలో హోటల్ లోపల, మాట బయటికి పొక్కకుండా వేసిన టెంట్‌లో కూర్చుని ఫోన్ మాట్లాడిన ఫొటో ఉంది, చూడండి. అధ్యక్షుడికే ఆ తిప్పలు తప్పలేదు. 2025 మార్చిలో యెమెన్ దాడుల గురించి మంత్రులు సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ గ్రూపులో మాట్లాడుకుంటే, అందులో అట్లాంటిక్ పత్రిక సంపాదకుడు జెఫ్రీ గోల్డ్‌బర్గ్ ఉన్నాడు. పొరపాటున చేర్చింది జాతీయ భద్రతా సలహాదారు వాల్ట్జ్ ఫోనే. గ్రూపులో పేరున్న ట్రంప్ ప్రత్యేక దూత విట్‌కాఫ్ ఆ రోజుల్లో మాస్కో వెళ్లాడు. సొంత ఫోన్ తీసుకెళ్లలేదని ఆయన తర్వాత వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. గ్రూపులో ఎవరెవరున్నారో పైనుంచి కిందికి చదవడానికి నిమిషం పట్టదు.

అనుకోనిది జరిగితే

2000 మార్చిలో క్లింటన్ ఉపఖండంలో ఉండగానే కశ్మీర్‌లోని ఛత్తీసింగ్‌పురాలో 35 మంది సిక్కులను కాల్చి చంపారు. 2025 ఏప్రిల్‌లో ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్, గోదావరి జిల్లా మూలాలున్న భార్య ఉష, పిల్లలతో కలిసి జైపూర్‌లో ఉన్న రోజునే పహల్గాంలో 26 మందిని చంపారు. పెద్ద అతిథి ఉన్నప్పుడు ప్రపంచం కళ్లు ఇటే ఉంటాయని హంతకులకూ తెలుసు. అందుకే సంతాపపు మాటలు చిత్తుగా ముందే రాసిపెట్టుకోవాలి. మొదటి ప్రకటనలో చనిపోయినవాళ్లు, వాళ్ల కుటుంబాలు ఉంటే చాలు. ఎవరు చేశారన్నది నిర్ధారణ అయ్యేవరకు ఆగాలి. వాళ్లు చేశారు, వీళ్లు చేశారు అనే ఒక్క ముక్క ఇరవై ఏళ్లపాటు వాదనల్లో నలుగుతుంది.

కార్యక్రమం రద్దు చేయాల్సిరావడం అంతకంటే తేలిక. 2015 జనవరిలో సౌదీ రాజు అబ్దుల్లా మరణంతో ఒబామా తాజ్‌మహల్ మానుకుని రియాద్ వెళ్లారు. కారణం స్పష్టంగా చెప్పారు కాబట్టి ఆగ్రావాళ్లు చిన్నబుచ్చుకున్నా గొడవ కాలేదు.

ఖర్చు గురించి మౌనం మాత్రం పుకార్లకు గూడు. 2010లో ఒబామా ముంబై వస్తుంటే రోజుకు 20 కోట్ల డాలర్ల ఖర్చని, 34 యుద్ధనౌకలు వస్తున్నాయని వార్తలు పాకాయి. మొదటిది పేరు చెప్పని ఒక మహారాష్ట్ర అధికారి మాట. వైట్‌హౌస్, పెంటగాన్ కొట్టిపారేశాయి గానీ భద్రత పేరుతో అసలు అంకె చెప్పలేదు. అంకె చెప్పలేకపోతే పోనీ, ఎన్ని రోజులు, ఏ ఊళ్లు, ఏ పనుల మీదన్నది బయల్దేరేముందే విడుదల చేస్తే పుకారుకు చోటు తగ్గుతుంది.

తిరిగొచ్చాక

ఇద్దరు నేతలు ఏకాంతంగా ఏం మాట్లాడుకున్నారో చెప్పే రీడౌట్‌ను ఎదుటివాళ్ల రీడౌట్ పక్కన పెట్టి చదవండి. 2019 జూలై 22న ఇమ్రాన్ ఖాన్ పక్కన కూర్చుని ట్రంప్, కశ్మీర్ మీద మధ్యవర్తిత్వం చేయమని మోదీ తనను అడిగారన్నాడు. అలాంటి కోరికే లేదని ఢిల్లీ గంటల్లో ఖండించింది. ఎదుటి నేత అన్న మాటను ఆయన అనుమతి లేకుండా బయట చెప్పకూడదన్నది ఇంత సూటిగా ఇంకెక్కడా తేలలేదు.

బహుమతులు నిబంధనల ప్రకారం అప్పగించాలి. పర్యటనలో అధికారిక పని మీద సొంత ఖాతా నుంచి ఒక్క సందేశం పంపినా, దాని నకలు 20 రోజుల్లోపు ప్రభుత్వ ఖాతాకు చేరాలని అధ్యక్ష రికార్డుల చట్టం చెబుతోంది. పెట్టె సర్దుకున్న రోజే ఆ పని కూడా కానిచ్చేయండి.