అడిగిన ఫీచర్ రాలేదా? ఓపెన్ సోర్స్ డెవలపర్లకు రాసే తీరు

నల్లగొండ క్లాక్‌టవర్ చుట్టుపక్కల డీటీపీ పని చేసేవారికి లిబ్రెఆఫీస్ (పత్రాలు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్) వంటి ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎదురయ్యే ఇబ్బందులను దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను.

సమస్య: ఫీచర్ కావాలని రాసి నెలలు గడిచినా జవాబు లేదు.

కారణం: "అను ఫాంట్ల ఫైళ్లు తెరుచుకునేలా వెంటనే చేయండి" అన్న ఒక్క వాక్యంతో, ఉద్యోగం ముగించుకొని రాత్రిపూట కోడ్ రాసే, తెలుగు తెలియని మనిషికి ఏమీ అర్థం కాదు. అను ఫాంట్లు యూనికోడ్‌కు (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతికి) ముందటి పద్ధతివి కనుక, ఆ ఫాంటు లేని కంప్యూటరులో మన పెళ్లిపత్రిక అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుందని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

పరిష్కారం: ఆ సాఫ్ట్‌వేర్ అభ్యర్థనలు నమోదుచేసే వెబ్ పేజీలో అదే విషయం ఇంతకుముందు ఎవరైనా అడిగారేమో వెతికి, ఉంటే మీ వివరాలను అక్కడే చేర్చండి. లేకపోతే ఇలా రాయవచ్చు: "నమస్కారం. మా దగ్గర పాత పత్రికలన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోలేక ప్రతిసారీ మళ్లీ టైపు చేస్తున్నాము. ఒక పేజీ నమూనాను, అది యూనికోడ్‌లో ఎలా ఉండాలో చూపే ఫైలును జతచేశాను. వీలున్నప్పుడు చూడగలరా? మీరు మార్పు చేస్తే పరీక్షించి చెబుతాను." దీనికి వెర్షన్, ఆపరేటింగ్ సిస్టం, ఫాంటు పేరు జోడించండి. నమూనాలో వధూవరుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే తప్పక తొలగించండి, ఎందుకంటే అది అందరికీ కనిపిస్తుంది.

సమస్య: "ఇది చేయలేము" అని అభ్యర్థనను మూసివేశారు.

ఒక ఫీచర్ చేర్చితే దానిని ఏళ్ల తరబడి కాపాడే భారం కూడా వారిదే కనుక కాదనే హక్కు వారికుంది. ధన్యవాదాలు చెప్పి, ఎక్స్‌టెన్షన్‌గా (కావలసినవారు విడిగా జోడించుకునే భాగంగా) చేస్తే అభ్యంతరమా అని అడగండి. లైసెన్సు అనుమతిస్తుంది కనుక, ఆ పనిని తెలిసిన ప్రోగ్రామరుకు డబ్బిచ్చి చేయించుకోవడం కూడా న్యాయమైన దారే.

సమస్య: గుర్తుచేసేకొద్దీ సంభాషణ చెడిపోయింది.

ఒత్తిడి ఎంత దూరం పోతుందో ఎక్స్‌జెడ్ యుటిల్స్ (ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) ఉదంతం చూపింది. దాన్ని దాదాపు ఒంటరిగా చూసుకుంటున్న డెవలపరును 2022లో కొన్ని ఖాతాలు ఆలస్యమవుతోందని నిలదీశాయి. తరువాత సహాయకుడిగా బాధ్యతలు అందుకున్న ఖాతా అందులో చొప్పించిన దొంగదారి (ఇతరుల కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడనిచ్చే కోడ్) 2024 మార్చిలో బయటపడింది. అందుకే కొత్త సమాచారం ఉన్నప్పుడే, అంటే కొత్త వెర్షన్‌లో పరీక్షించి చూశాకనో మరో నమూనా దొరికాకనో, మళ్లీ రాయండి.

సమస్య: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో (ఎవరైనా సవరించగల ఉచిత ఆన్‌లైన్ మ్యాపులో) దేవరకొండ వైపు పల్లె పేరు తెలుగులో లేదు.

ఇది డెవలపర్లను అడగవలసిన పని కాదు, మ్యాపులోని సమాచారపు లోటు. ఖాతా తెరిచి ఆ ఊరి తెలుగు పేరును మీరే చేర్చవచ్చు.