ఎద్దుకు మత్తు ఇప్పించే రోజు మీరు చూసుకోవాల్సినవి

కొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కు ఎద్దును తోలుకొచ్చిన రైతులు ముందుగా అడిగేది ఒకటే: "మత్తు ఎక్కువై లేవకపోతే ఎలా సార్?" పశువుల ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్లు మత్తెక్కిన ఎద్దుల తలలు పట్టుకున్నవాణ్ణి. నా చూపు మాత్రం ముందు దాని పొట్ట మీదకే పోతుంది.

మామూలుగా ఇచ్చే మత్తు జైలజిన్. గుర్రానికి పట్టే మోతాదులో పదో వంతుకే ఎద్దు తల వాల్చేస్తుంది. దాంతో నెమరు పొట్ట కదలిక కూడా ఆగిపోతుంది. గ్యాస్ త్రేన్పుగా బయటికి రాక పొట్ట ఉబ్బుతుంది. మేత నోట్లోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే బతకడం కష్టం. అందుకే 24 గంటల ముందు మేత, 12 గంటల ముందు నీళ్లు ఆపాలి. ఒకాయన "రాత్రంతా అరుస్తుంటే మనసొప్పలేదు" అని తెల్లారుజామున కట్ట చొప్ప వేసి, మాకు చెప్పలేదు. ఆపరేషన్ మధ్యలో ఎడమ డొక్క డప్పులా ఉబ్బింది. గొట్టం వేసి గ్యాస్ తీశాక గానీ మాకు ఊపిరాడలేదు. వేస్తే వేశారు, ఆ ముక్క డాక్టర్‌కి చెప్పేయండి, ఆపరేషన్ ఇంకో రోజుకు మారుస్తారు.

ఆవైతే చూడి సంగతి, ఎన్నో నెల అన్నదీ చెప్పాలి. నెలలు నిండబోయేదైతే ఈ మందుకు గర్భసంచి బిగుసుకుని ఈసుకుపోవచ్చు, అంటే కడుపు పోవచ్చు.

బరువు కంటి అంచనాతో చెప్పొద్దు. ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. 70, 55 అయితే దాదాపు 408 కిలోలు.

సూది పడ్డాక పావుగంట దాన్ని కదిలించొద్దు. బెదిరిన ఎద్దుకు మత్తు సరిగా ఎక్కదు. సెల్‌ఫోన్ వీడియోల కుర్రాళ్లను గేటు బయటే ఆపండి. నీడలో గడ్డి పరిచి ఉంచండి. పక్కకు పడుకోబెడితే, డాక్టర్ వేరేగా చెబితే తప్ప, ఎడమ డొక్క పైకి ఉండాలి. మెడ కింద గోనెసంచి పెట్టి మూతి కిందికి వంచితే చొంగ బయటికి పోతుంది. చొంగ ధారగా కారినా, మాటిమాటికీ మూత్రం పోసినా టెన్షన్ పడొద్దు, అది మందు గుణమే. కొమ్ముకు నొప్పి తెలియకుండా లిగ్నోకైన్ సూది వేరే వేస్తారు.

అయ్యాక తోక మెలేసి లేపకండి. బోర్లా కూర్చోబెట్టి, దానంతట అది లేచేదాకా ఆగండి. తూలడం పోయి, బాగా మింగగలిగాకే నీళ్లు. మేతకు ముందు ఎడమ డొక్కలో పిడికిలి ఆనించండి. రెండు నిమిషాల్లో రెండు మూడుసార్లు లోపల కదలిక తగిలితే పచ్చగడ్డి గుప్పెడు వేయొచ్చు.